ప్రతిసారీ ఒక్క గుర్రంలోనే పోతోంది: మలక్‌పేట జాక్‌పాట్ కేసు ఒకటి

మలక్‌పేట రేసుకోర్సుకు పాతికేళ్లుగా వెళ్తున్నాను. ఏ గుర్రం గెలుస్తుందో చెప్పడం నా పని కాదు. గుర్రాలను ఎవరికి వాళ్లే ఎంచుకుని వస్తారు. ఆ ఎంపికను జాక్‌పాట్, ట్రెబుల్, టనాలా టికెట్లుగా ఎలా రాసుకోవాలో, ఎంత ఖర్చవుతుందో, ఎక్కడ డబ్బు వృథా అవుతోందో లెక్క వేసి చూపిస్తాను. గెలిచిన దాంట్లో వాటా తీసుకోను.

ఈ కేసులో మనుషులు నలుగురు. వాళ్లను గుర్తుపట్టే వివరాలన్నీ మార్చాను. లెక్కలు మాత్రం వాళ్ల నోటుబుక్కులోవే. వాళ్ల అనుమతితోనే రాస్తున్నాను. లెక్క ప్రకారం తప్పు లేని నా మొదటి సలహా వాళ్లకు మేలుకంటే కీడే ఎక్కువ చేసింది. అందుకే ఇది రాయాలనిపించింది.

ఎవరు, ఏంటి

ఒకరు రిటైరైన లెక్కల మాస్టారు. ఒకాయనకు చిన్న షాపుంది. మూడో ఆయన ఆఫీసు ఉద్యోగి. నాలుగోవాడు వాళ్లందరికంటే చాలా చిన్నవాడు, ప్రైవేటు ఉద్యోగం. ఒక చలికాలం సీజన్ అంతా నలుగురూ డబ్బులు కలిపి జాక్‌పాట్ ఆడారు. సీజన్ ముగిశాక నా దగ్గరికి వచ్చారు.

రేసులు తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. జాక్‌పాట్ అంటే వరసగా ఐదు రేసుల్లో గెలిచే గుర్రాలను, ఆ ఐదింటిలో మొదటిది మొదలయ్యేలోపే చెప్పాలి. ఒక్కో రేసును లెగ్ అంటాం. పంచాల్సిన సొమ్ములో 70 శాతం ఐదూ కొట్టినవాళ్లకు, 30 శాతం నాలుగు కొట్టినవాళ్లకు కన్సొలేషన్‌గా వెళ్తుంది. ఐదూ ఎవరూ కొట్టకపోతే ఆ సొమ్ము తర్వాతి జాక్‌పాట్‌కు క్యారీ ఓవర్ అవుతుంది. లెగ్‌కు ఒకటికంటే ఎక్కువ గుర్రాలు తీసుకోవచ్చు. కానీ అవి కూడికలో కాదు, గుణకారంలో పెరుగుతాయి. ఐదు లెగ్గుల్లో మూడేసి గుర్రాలంటే 3×3×3×3×3, అంటే 243 కాంబినేషన్లు. లెక్క సులువుగా ఉండటానికి ఇక్కడ కాంబినేషన్‌కు పది రూపాయలు అనుకుందాం. అప్పుడు టికెట్ 2,430.

వాళ్లు ప్రతిరోజూ సరిగ్గా ఇదే ఆడారు. మూడేసి గుర్రాలు, ఐదు లెగ్గులు, 26 రేసు రోజులు.

వాళ్లు చెప్పిన సమస్య

షాపాయన మాట ఇది: "ప్రతిసారీ ఒక్క గుర్రంలనే పోతుందన్నా. నాలుగు కొడ్తం, ఐదోది పోతది. మా టైమ్ బాలేదు."

చిన్నవాడు ఇంకో మాటన్నాడు. గుర్రప్పందెం నైపుణ్యంతో ఆడే ఆట అని 1996లో సుప్రీంకోర్టే చెప్పింది కదా, మాకు నైపుణ్యం ఉంది, అదృష్టం కలిసి రావట్లేదంతే అని. కోర్టు అలా అన్న మాట నిజమే. గుర్రం వంశం, ఫామ్, బరువు, జాకీ, ఇవన్నీ చదివి అంచనా కట్టడం నైపుణ్యమే. కానీ ఆ నైపుణ్యాన్ని టికెట్ మీదికి తేవడం వేరే పని. వీళ్ల విషయంలో లోపం అక్కడే ఉందనిపించి పాత టికెట్లన్నీ తెమ్మన్నాను.

మాస్టారు ఒక రెగ్జిన్ సంచి తెచ్చారు. రబ్బరు బ్యాండు వేసిన టికెట్ల కట్ట, దాంతోపాటు రూళ్ల నోటుబుక్కు. ప్రతి రోజుకూ ఒక పేజీ. ఎడమవైపు వాళ్లు తీసుకున్న నంబర్లు, కుడివైపు గెలిచిన నంబర్లు, ఎర్ర ఇంకుతో టిక్కులు. ఇంత శ్రద్ధగా రాసుకునేవాళ్లు నాకు అరుదుగా దొరుకుతారు. ఆ సాయంత్రమంతా టిక్కులు లెక్కపెట్టాను. 26 రోజులకు 130 లెగ్గులు. గెలిచిన గుర్రం వాళ్ల మూడింటిలో ఉన్నది 79 సార్లు. అంటే నూటికి అరవై.

ఇక్కడే అసలు సంగతి బయటపడింది. ఒక్కో లెగ్‌లో కొట్టే అవకాశం నూటికి అరవై అయితే, ఐదూ వరసగా కొట్టే అవకాశం నూటికి ఎనిమిది కూడా ఉండదు. సరిగ్గా నాలుగు కొట్టి ఒకటి పోయే అవకాశం మాత్రం నూటికి 26. ఒకసారి జాక్‌పాట్ కొట్టేలోపు మూడుసార్లకు పైగా 'ఒక్క గుర్రంలో' పోవడం గుణకారంలోనే ఉంది. వాళ్లకు ఆ సీజన్‌లో జాక్‌పాట్ ఒకసారి తగిలింది, నాలుగు కొట్టినవి ఏడుసార్లు. టైమ్ బాగా లేకపోవడం కాదది. అలాంటి టికెట్ ఆడితే దాదాపు అలాగే జరుగుతుంది.

మాస్టారికి ఈ లెక్క చూపిస్తే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తన పెన్నుతో మళ్లీ వేసుకుని చూశారు. "ముప్ఫై ఐదేళ్లు పిల్లలకు ఇదే చెప్పాను" అన్నారు. షాపాయనకు మాత్రం ఈ మాట రుచించలేదు. అదృష్టం బాలేదంటే రేపు బాగుంటుందనే ఆశ ఉంటుంది. లెక్కే అంత అంటే ఆ ఆశకు చోటుండదు.

డబ్బు లెక్క: 26 రోజులకు 2,430 చొప్పున 63,180. పందెం మొత్తం విలువ మీద జీఎస్టీ అప్పట్లో 28 శాతం, అది 17,690. (2025 సెప్టెంబర్ 22 నుంచి అది 40 శాతమైంది, కాబట్టి ఇప్పుడు లెక్క ఇంకా బరువు.) మొత్తం 80,870 పోస్తే, తిరిగొచ్చింది 17 వేల లోపు. ఆ ఒక్క జాక్‌పాట్ రోజున ఐదూ ఫేవరెట్లే, అంటే జనం ఎక్కువ డబ్బు కట్టిన గుర్రాలే గెలిచాయి. అందరి దగ్గరా అదే టికెట్ ఉంది. డివిడెండ్ (గెలిచిన కాంబినేషన్‌కు పంచే సొమ్ము) మూడు వేల చిల్లర.

నేను మొదట చెప్పింది

మూడేసి గుర్రాల టికెట్‌లో తప్పేంటంటే, అన్ని రేసుల మీదా మనకు ఒకేలాంటి నమ్మకం ఉన్నట్టు అది మాట్లాడుతుంది. నిజంగా ఎప్పుడూ అలా ఉండదు. ఒక లెగ్‌లో గట్టి ఫేవరెట్ ఉంటుంది. దాని గెలుపు అవకాశం నూటికి 50, రెండో గుర్రానిది 20, మూడోదానిది 8 అనుకుందాం. రెండు గుర్రాలతో 70 చేతిలో ఉంది. మూడోది కలిపితే 78. అవకాశం పదో వంతు పెరిగింది. ఖర్చు మాత్రం ఒకటిన్నర రెట్లయింది. అదే పన్నెండు గుర్రాల చిల్లర హ్యాండిక్యాప్ (మంచి గుర్రాలకు ఎక్కువ బరువు వేసి సమం చేసే రేసు)లో ఏ గుర్రానికీ నూటికి తొమ్మిది పది మించి అవకాశం లేదనుకోండి. మూడు గుర్రాలను ఆరు చేస్తే ఖర్చు రెట్టింపు, అవకాశమూ దాదాపు రెట్టింపు. ఒక గుర్రాన్ని కలిపే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఇదే: ఖర్చు పెరిగినంతగా అవకాశం పెరుగుతోందా?

అందుకని ఒక లెగ్‌లో ఒకే గుర్రాన్ని బ్యాంకర్‌గా పెట్టి, మిగిలిన డబ్బును తేలని రేసుల్లో పరచమన్నాను. 1×2×3×6×7 అంటే 252. ఖర్చు దాదాపు పాతదే, ఆకారం వేరు.

తర్వాతి వానాకాలం సీజన్ మొదట్లో మూడు రోజులు అలాగే ఆడారు. మూడు రోజులూ బ్యాంకర్ పోయింది. అందులో రెండుసార్లు బ్యాంకర్ మొదటి లెగ్‌లోనే ఉంది.

మూడు రోజులు బ్యాంకర్ పోవడం పెద్ద విషయం కాదు. సగం సార్లు గెలిచే గుర్రమైనా వరసగా మూడుసార్లు పోవడం ఎనిమిదింట ఒకసారి మామూలే. అసలు నష్టం ఆ తర్వాత జరిగింది. పాత టికెట్‌తో నాలుగో లెగ్ దాకా ఏదో ఒక ఆశ ఉండేది. స్టాండులో కూర్చుని టికెట్ పట్టుకుని చూసేవాళ్లు. కొత్త టికెట్‌లో జాక్‌పాట్ ఆశ మొదటి రేసుకే చచ్చిపోయింది, మహా అయితే కన్సొలేషన్. ఇంకా నాలుగైదు రేసులున్నాయి, జేబులో డబ్బుంది, చేతిలో పెద్ద ఆశ లేదు. నలుగురూ కౌంటర్ దగ్గరికి వెళ్లి టనాలాలు మొదలుపెట్టారు.

టనాలా అంటే మొదటి మూడు గుర్రాలు అదే వరసలో రావాలి. పన్నెండు గుర్రాల రేసులో అలాంటి వరసలు 12×11×10, అంటే 1,320. వీళ్లు ఐదు గుర్రాలను బాక్స్ చేసి, అంటే వాటిలో ఏ మూడు ఏ వరసలో వచ్చినా సరిపోయేలా, 60 కాంబినేషన్లు కొనేవాళ్లు. ఫేవరెట్ గెలుస్తుందని నమ్ముతూనే, అది మూడోదిగా వచ్చే వరసలకు కూడా డబ్బు కట్టేవాళ్లు. నమ్మిన దాన్నే ఆడి ఉంటే, ఫేవరెట్‌ను మొదటి స్థానంలో నిలబెట్టి మిగతా నాలుగింటిని రెండు, మూడు స్థానాల్లో తిప్పితే 12 కాంబినేషన్లతో సరిపోయేది. కానీ పోయిన డబ్బు రాబట్టుకోవాలన్న టెన్షన్‌లో ఉన్న మనిషి ఇంత నిదానంగా ఆలోచించడు. ఆ మూడు రోజుల్లో జాక్‌పాట్ మీద పోయినదానికి రెట్టింపు టనాలాల మీద పోయింది.

తప్పు నాది. టికెట్ లెక్క చూశానే గానీ, టికెట్ చచ్చాక ఆ మధ్యాహ్నం వాళ్లు ఏం చేస్తారో చూడలేదు.

రెండో ప్రయత్నం

పాత టికెట్‌కు వెళ్తే మళ్లీ అదే గుంట. బ్యాంకర్‌ను వదిలేస్తే ఖర్చు పెరుగుతుంది. బ్యాంకర్ పోయినా టికెట్ చావకూడదు, ఖర్చూ చేయి దాటకూడదు. దానికి పాత పద్ధతి ఒకటుంది, ఒక్క టికెట్‌కు బదులు చిన్న టికెట్ల కట్ట.

ప్రతి లెగ్‌లో గుర్రాలను రెండు వరసలుగా రాయమన్నాను. పై వరసలో మనం నిజంగా నమ్మేవి. కింది వరసలో 'వస్తే ఆశ్చర్యపోను' అనేవి. వాళ్ల ఒక రోజు టికెట్‌లో పై వరసలో లెగ్గుల వారీగా 1, 2, 2, 2, 3 గుర్రాలున్నాయి. కింది వరసలో 2, 2, 2, 3, 3. మెయిన్ టికెట్ అంతా పై వరసే: 24 కాంబినేషన్లు. తర్వాత ఐదు పక్క టికెట్లు. ఒక్కోదానిలో ఒక్క లెగ్‌లో మాత్రమే కింది వరస గుర్రాలు, మిగతా నాలుగింట్లో పై వరసే. అవి 48, 24, 24, 36, 24. అన్నీ కలిపి 180. రెండు వరసలూ కలిపి ఒకే టికెట్‌గా ఆడితే 3×4×4×5×6, అంటే 1,440 అయ్యేది.

మన నమ్మకం ఐదు లెగ్గుల్లో ఒకచోట తప్పినా, అక్కడ కింది వరస గుర్రం గెలిస్తే టికెట్ బతుకుతుంది. రెండుచోట్ల తప్పితే పోతుంది, పోవాలి కూడా. రెండుచోట్ల తప్పిన రోజును కూడా కొనాలనుకుంటే ఆ 180 కాస్తా 576 అవుతుంది.

మాస్టారికి ఇది వెంటనే నచ్చింది. షాపాయనకు మాత్రం గుర్రాలను పైకీ కిందికీ వేరు చేయడమే కష్టమైంది. "అన్నీ మంచిగనే ఉన్నయన్నా" అనేవాడు. అన్నీ మంచిగానే ఉన్నాయంటే ఆ రేసు మీద మనకు అభిప్రాయం లేదని అర్థం. అలాంటి లెగ్గులు మూడు ఉన్న రోజు ఆడొద్దని చెప్పాను. ఈ నిబంధన వల్లే ఆడే రోజులు సగానికి తగ్గాయి. ఇంతకంటే ఎక్కువ డబ్బు మిగిల్చిన సలహా నేను వేరే ఇవ్వలేదు.

ఆడే రోజుల ఎంపికకు ఇంకో రెండు షరతులు పెట్టుకున్నారు. క్యారీ ఓవర్ ఉన్న రోజు ఆడాలి. ఎందుకంటే ఇంతకుముందు ఓడినవాళ్ల డబ్బు ఆ రోజు పూల్‌లో (అందరి పందెం డబ్బూ కలిసే మొత్తంలో) అదనంగా ఉంటుంది. మామూలు రోజున మనం పెట్టిన దాంట్లోంచి పన్నూ కమిషనూ పోగా మిగిలిందే పంచుతారు. లేదంటే, అందరూ నమ్మే ఫేవరెట్లలో ఒకటి వీళ్ల కంటికి బలహీనంగా కనిపించిన రోజు ఆడాలి. అది ఓడితే జనం టికెట్లు పోతాయి, డివిడెండ్ లేస్తుంది. అక్టోబర్ 2న డెక్కన్ డెర్బీ రోజు ఈ రెండోదానికి బాగా పనికొస్తుంది. ఏడాదికొకసారి వచ్చే జనం ఆ రోజు పేరున్న గుర్రాలమీదే కడతారు.

కౌంటర్ దగ్గర

పద్ధతి కాగితం మీద బాగున్నా కౌంటర్ దగ్గర చెడిపోతుంది. ఆరు టికెట్లు, ఒక్కోదానిలో ఐదు లెగ్గులు, ముప్ఫై చోట్ల నంబర్లు. మొదటిసారి రేసుకు నాలుగు నిమిషాల ముందు వరసలో నిలబడ్డారు. ఆఫీసాయన చిట్టీ చూసి చదివాడు. చిట్టీలో మూడో లెగ్ కింద 1 రాసి, పక్కనే 4 ఉంది. మధ్యలో కామా సరిగా పడలేదు. ఆయన దాన్ని 14 అని చదివాడు. ఆ రేసులో పద్నాలుగు గుర్రాలున్నాయి కాబట్టి మెషీన్ తీసుకుంది. కౌంటర్‌లో ఉన్నతను ఈయన చెప్పిందే కొట్టాడు. 4వ నంబరు గుర్రం మూడు లెంగ్తుల (గుర్రం పొడవుల) తేడాతో గెలిచింది.

అప్పటినుంచి చిట్టీ తీరు మార్చారు. ఒక్కో టికెట్‌కు ఒక్కో కాగితం. లెగ్‌కు ఒక గీత. నంబర్లకు చుట్టూ సున్నా. నలభై నిమిషాల ముందే కౌంటర్‌కు. ఒకరు చదవడం, ఇంకొకరు అచ్చయిన టికెట్ చేతిలో పట్టుకుని తిరిగి చదవడం. కాంబినేషన్ల సంఖ్య కాగితం మీద ముందే రాసుకుంటారు కాబట్టి టికెట్ మీద మొత్తం తేడా వస్తే అక్కడికక్కడే తెలుస్తుంది. ఆఖరి నిమిషంలో గుర్రం విత్‌డ్రా అయితే టికెట్ ఏమవుతుందో క్లబ్బు నిబంధనల్లోంచి మాస్టారు నోటుబుక్కు అట్ట లోపల రాసి పెట్టారు.

పన్ను గురించి కూడా ముందే కాగితం రాసుకోమన్నాను. ఒక్క చెల్లింపు పది వేలు దాటితే 30 శాతం టీడీఎస్ కోసి ఇస్తారు. అది ఎవరి పాన్ ఇచ్చారో వాళ్ల పేరునే నమోదవుతుంది. ఓడిన టికెట్ల ఖర్చును గెలిచిన దాంట్లోంచి తీసేసి చూపించే వీల్లేదు. నలుగురి డబ్బు ఒకరి పేరున గెలిస్తే సెస్సుతో సహా ఆ పన్ను భారం ఎలా పంచుకోవాలో గెలవకముందే తేల్చుకోవాలి. గెలిచాక మాట్లాడుకుంటే స్నేహాలు చెడతాయి, నేను చూశాను.

చిన్నవాడి సంగతి

సీజన్ మధ్యలో ఒక శనివారం మాస్టారు ఫోన్ చేశారు. మిగతావాళ్లు వెళ్లిపోయాక చిన్నవాడు ఒక్కడే ఉండిపోయి వేరే ఊళ్ల రేసుల మీద కూడా ఆడుతున్నాడని. నేను పిలిచి అడిగాను. మొదట కాదన్నాడు. తర్వాత చెప్పాడు. రెండు లోన్ యాప్‌లు, చెల్లెలి పెళ్లికి దాచిన డబ్బులో కొంత. "కొత్త పద్ధతి బాగుందన్నా, ఒక్కటి తగిలితే అంతా సెట్ అయితది" అన్నాడు.

నా పద్ధతి అతని చేతిలో ఇంకో ఆశగా మారింది. అతనికి టికెట్ ఇంకా బాగా రాయడం నేర్పించాలా, వద్దా? నాకు పెద్దగా ఆలోచించాల్సిన పని పడలేదు. అప్పు డబ్బుతో ఆడేవాడికి ఓపికగా ఆగే వీలుండదు. ఈ పద్ధతి నిలబడేదే ఆగడం మీద. ఆ రోజే అతన్ని గుంపులోంచి తీసేయమన్నాను. అతని వాటా డబ్బు మాస్టారు తిరిగి ఇచ్చేశారు. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరుకు నా ముందే ఫోన్ చేయించాను. తెలుగులోనే మాట్లాడారు. తర్వాత ఒక సైకియాట్రిస్ట్ దగ్గరికి షాపాయన తోడు వెళ్లాడు. చెల్లెలికి నిజం చెప్పడం అన్నిటికంటే కష్టమైందట. అప్పుల జాబితా ఆమే కూర్చుని రాసింది.

మిగిలిన ముగ్గురికీ ఒక షరతు పెట్టాను. టికెట్ చచ్చిన నిమిషం నుంచి కౌంటర్ వైపు వెళ్లకూడదు. సీజన్ మొత్తానికి పక్కన పెట్టిన డబ్బు ఒక కవరులో, ఆ రోజుకు కావాల్సినంతే జేబులో. ఏటీఎం కార్డులు ఇంట్లో. మాస్టారు ఇంకో అడుగు వేసి, టికెట్ పోతే ముగ్గురూ గేటు దాటి చాయ్ తాగి ఇంటికి వెళ్లాలని పెట్టారు.

ఫలితం

ఆ సీజన్‌లో కొత్త పద్ధతిలో 11 రోజులు ఆడారు. టికెట్లకు 18,700, జీఎస్టీ 5,236, మొత్తం 23,936. కన్సొలేషన్లు 4,900. ఒక జాక్‌పాట్ 38,400. అందులో టీడీఎస్ 11,520 పోగా చేతికి 26,880.

ఆ జాక్‌పాట్ పక్క టికెట్ మీద వచ్చింది. నాలుగో లెగ్‌లో గెలిచినది కింది వరస గుర్రం. అంతకుముందు 1,100 మీటర్ల రేసుల్లో ఆఖర్న వేగం పెంచుకుంటూ వచ్చి నాలుగోదిగానో ఐదోదిగానో ఆగిపోయేది. ఈసారి దూరం 1,400. ఆఫీసాయన దాన్ని పైకి ఎక్కించాలన్నాడు. మాస్టారు ఒప్పుకోలేదు. ఇంత దూరం ఎప్పుడూ పరిగెత్తలేదు, కిందే ఉండనీయమన్నారు. పాత మూడు గుర్రాల టికెట్ అయితే అది ఉండేదే కాదు.

ఆ 11 రోజుల మీద సుమారు ఏడు వేల ఎనిమిది వందలు మిగిలింది. దీన్ని చూపించి పద్ధతి లాభం తెస్తుందని నేను చెప్పను. ఆ ఒక్క టికెట్ తీసేస్తే 19 వేలు నష్టం. పదకొండు రోజులు ఏదీ రుజువు చేయడానికి సరిపోవు. ఇప్పటి 40 శాతం జీఎస్టీతో ఇదే లెక్క వేస్తే మిగులు అయిదున్నర వేలకు దిగుతుంది. కచ్చితంగా చెప్పగలిగింది ఒకటుంది. ముందటి సీజన్‌లో 64 వేలు పోయినచోట, ఈసారి కొత్త పద్ధతిలో ఏమీ తగలకపోయినా పోయేది పాతికవేల లోపే. అదీ ముందే కవరులో పెట్టుకున్న డబ్బు.

ఇప్పుడు నేను మార్చుకున్నవి

పక్క టికెట్ల పద్ధతిని అందరికీ చెప్పడం లేదు. నోటుబుక్కు రాసే అలవాటు లేనివాళ్లకు అది తలనొప్పి. వాళ్లకు ట్రెబుల్‌తో సరిపెట్టుకోమంటాను, మూడే లెగ్గులు, ఒకే కాగితం. బ్యాంకర్ సలహా ఇంకా ఇస్తాను గానీ, మొదటి లెగ్‌లో బ్యాంకర్ పెట్టేవాళ్లను ముందు ఒకటి అడుగుతాను: అది పోతే ఆ మధ్యాహ్నం ఎక్కడ ఉంటారు?

చిన్నవాడి విషయంలో నా పొరపాటు ఇంకొకటి ఉంది. మొదటి రోజు నాలుగు గంటలు వాళ్ల టికెట్లు చూశాను. డబ్బు ఎక్కడినుంచి వస్తోందని ఒక్కసారి కూడా అడగలేదు. ఇప్పుడు టికెట్ల కట్ట విప్పకముందే, ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి ఆ ప్రశ్న అడుగుతున్నాను. అప్పు అని తెలిస్తే కట్ట విప్పను.